పొట్టికాలి నక్షత్రం

గుడివాడ,
4 నవంబరు 2024.

లీలావతత్తకు నీ మేనకోడలు ఝాన్సీ వందనాలు.

నిన్న ఫోను చేస్తే "గ్యాసు ఇవాళ వద్దు, రేపు తెండి" అని పెట్టేశావు. అత్తా, నేను గ్యాసు కంపెనీ కాదు, నీ అన్న కూతుర్ని. ఆ కుట్టుమిషను మోతకి నీ చెవులు పూర్తిగా పోయినట్టున్నాయి. చెవికి మిషను పెట్టించుకోమంటే పెట్టించుకోవు, వాట్సాప్ చూడవు. ఇక ఉత్తరమే దిక్కు.

సమాధుల పండక్కి రాలేకపోయాను. అక్షితకి జ్వరం తగ్గలేదు. బెన్నీ బావ ఫోటో పంపాడు. నీ కొడుక్కి ఆ మాత్రం బుద్ధి ఉన్నందుకు సంతోషం. తాతయ్య సమాధికి సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించారు. పక్కనే నాయనమ్మ. ఇద్దర్నీ అలా పక్కపక్కన చూసి ఏడుపొచ్చింది, అంతలోనే నవ్వూ వచ్చింది. బతికున్నన్నాళ్ళూ "కాలవ బురద కంపు, అవతలికి పోయి పడుకోవయ్యా" అని ఆయన్ని వసారాలోకి తోలేది కదా. ఇప్పుడెక్కడికి తోలుతుంది పాపం!

తాతయ్య పోయి ఎనిమిది నెలలవుతోంది. నాకు మాత్రం ఇంకా శనివారం వస్తే ఆయన వస్తాడనిపిస్తుంది. బందరు హాస్టల్లో ఉన్నప్పుడు పీతల కూర కేరియరు సైకిలుకి తగిలించుకుని వచ్చేవాడు. ఒకసారి లస్కరు డ్యూటీ దిగి నేరుగా వచ్చాడేమో, కాలవ షట్టర్లు ఎత్తే ఆ పొడుగాటి ఇనప హేండిలు కూడా భుజాన ఉంది. వార్డెనమ్మ హడలిపోయి "ఏమిటండీ అది?" అంటే, "కృష్ణమ్మ తాళంచెవండీ, ఇంట్లో పెడితే ఎవరైనా నీళ్ళెత్తుకుపోతారని తెచ్చాను" అన్నాడు. హాస్టలంతా నన్ను చాలాకాలం 'తాళంచెవి మనవరాలు' అని పిలిచింది. అప్పుడు సిగ్గుపడి చచ్చాను. ఇప్పుడు ఎవరైనా అలా పిలిస్తే బాగుండును.

అసలు సంగతి. డిసెంబరు వస్తోంది. ఏటా ఒకటో తారీకుకల్లా తాతయ్య చేత్తో చేసిన నక్షత్రం మనింటి సరుగుడు కర్ర మీద ఉండేది. ఈ ఏడు నేను చేస్తాను. వెదురు ఇక్కడ దొరుకుతుంది. నువ్వు కర్ర పాతించు చాలు.

నీ కోడలు కాకుండా తప్పించుకున్న
ఝాన్సీ

*

కోడూరు,
10 నవంబరు 2024.

చి. ఝాన్సీని అత్త దీవించి రాస్తున్నది.

నీ ఉత్తరం పోస్టుమాన్ ఇచ్చి వెళ్ళేదాకా నాకింకా ఉత్తరాలు వస్తాయని వాడికీ తెలియదు, నాకూ తెలియదు. నా చెవుల మీద పడ్డావేం? నాకు వినాల్సినవి బాగానే వినపడుతున్నాయి. పక్కింటి సీతామహాలక్ష్మి తన కోడలి గురించి గుసగుసగా చెప్పేవి ఒక్కటి కూడా పోవటం లేదు.

అక్షితకి జ్వరం తగ్గిందా? బెల్లం, మిరియాలు వేసి కాచి ఇవ్వు. డాక్టరు ఇచ్చినవి కూడా ఇవ్వు, నేనేం వద్దనటం లేదు.

నాన్న సమాధి దగ్గర నేను చాలాసేపు కూర్చున్నాను. కూర్చుంటే ఏం గుర్తొచ్చిందో తెలుసా? మిమ్మల్ని నలుగుర్నీ, అంటే నిన్నూ, మీ రాహుల్నీ, మా బెన్నీనీ, ప్రీతినీ ఎండాకాలం కాలవలో ఈత నేర్పటానికి తీసుకెళ్ళేవాడు కదా. నడుములకి ఎండు సొరకాయలు కట్టేవాడు. నువ్వు మాత్రం "నాకు గుమ్మడికాయ కట్టు, సొరకాయ నచ్చలేదు" అని గట్టు మీద పడి దొర్లావు. ఆయన నిజంగానే చేనుకెళ్ళి గుమ్మడికాయ తెచ్చాడు. అది నిన్ను మోస్తుందా? నువ్వే దాన్ని మోశావు. పిల్లలకి ఈత వచ్చేదాకా ఆయనకి నిద్ర పట్టేది కాదు. నలుగురికీ వచ్చింది, ఆ విషయంలో మాత్రం ఆయన ఎవరి మాటా వినలేదు.

నక్షత్రం మాట ఎత్తావు. ఈ ఏడు లేదు. చావు జరిగిన ఇంటికి ఏడాది పండగ ఉండదు. ఊళ్ళో అందరూ పాటిస్తున్నదే మనమూ పాటిద్దాం. వెదురూ గిదురూ కొనకు.

ఎవరివో ఏడు జాకెట్లు ఆదివారంకల్లా కావాలట. పిల్లకి పెళ్ళి కుదిరిన సంగతి నిన్ననే తెలిసినట్టు మాట్లాడుతున్నారు. ఉంటాను.

నీ అత్త
లీలావతి

*

గుడివాడ,
15 నవంబరు 2024.

ప్రియమైన అత్తా, వందనాలు.

గుమ్మడికాయ సంగతి అక్షితకి చదివి వినిపించాను. జ్వరం అక్కడే దిగింది. ఇప్పుడు తనకీ గుమ్మడికాయ కావాలట.

నక్షత్రం సంగతి అంత తేలిగ్గా కొట్టిపారేస్తే ఎలా? చావు జరిగిన ఇంటికి పండగ వద్దంటే పిండివంటలు మానేద్దాం, కొత్తబట్టలు మానేద్దాం. నక్షత్రం తాతయ్యది. దానికేం సంబంధం?

నీకు గుర్తుందా, నవంబరు ఆఖర్లో వసారా అంతా వెదురు పేళ్ళే. తాతయ్య కత్తితో బద్దలు చీలుస్తుంటే మేం నలుగురం చుట్టూ కూర్చునేవాళ్ళం. నాయనమ్మ మైదా ఉడకబెట్టి జిగురు చేస్తే, అందులో సగం రాహుల్ నాకేసేవాడు. నాలుగు కొనలకి ఎర్ర కాగితం. అయిదోదానికి మాత్రం తెల్ల కాగితం. అది మిగతావాటికన్నా పొట్టి. కింద ఒక పక్కకి వేలాడే ఆ పొట్టికాలుని చూసి మేం పగలబడి నవ్వేవాళ్ళం. ఊరందరి నక్షత్రాలూ తిన్నగా ఉంటే మా తాత నక్షత్రం కుంటుతోందని ప్రీతి మూతి ముడుచుకునేది.

"ఈ కాలెందుకు తాతయ్యా ఇలా ఉంది?" అంటే, "చిన్నపిల్లాడి కాలు కదే బుల్లెమ్మా, ఇంకా ఎదగాలి" అనేవాడు. మేం ఊరుకుంటామా! ఏటా నక్షత్రం పూర్తికాగానే "ఎదిగిందా? ఎదిగిందా?" అని మీద పడేవాళ్ళం. ఆయన జాన పెట్టి జాగ్రత్తగా కొలిచి, తలాడించి, "ఈ ఏడు కూడా ఎదగలేదే" అనేవాడు. జనవరిలో నక్షత్రం దించాక పాత బద్దలన్నీ నాయనమ్మ పొయ్యిలోకి వెళ్ళేవి. ఆ పొట్టికాలి బద్దలు రెండూ మాత్రం విప్పి చూరులో దోపేవాడు. మళ్ళీ ఏడాది అవే. బెన్నీ బావ ఆయన్ని 'పిసినారి తాత' అనేవాడు. కొలత తెలియక ఎప్పుడో ఒకసారి పొట్టిగా కోసేసి, వెదురు దండగని అదే వాడుతున్నాడని మా లెక్క.

అత్తా, ఒక మాట అడుగుతాను, కోప్పడకు. నిజంగా ఊరి ఆచారమేనా? లేక నక్షత్రం నా ఇంటినుంచి రావటం ఇష్టం లేదా? నేను యుగంధర్‌ని చేసుకున్నప్పుడు నువ్వు నాతో ఏడాది పాటు సరిగ్గా మాట్లాడలేదు. నేను మర్చిపోయాననుకోకు. హిందువుల ఇంట్లో కట్టిన నక్షత్రం క్రైస్తవుల ఇంటి మీద ఎత్తకూడదని ఎవరైనా అన్నారా?

ఝాన్సీ

*

కోడూరు,
20 నవంబరు 2024.

ఝాన్సీకి,

కోప్పడకు అని రాస్తూనే కొట్టావు. అదెలా కుదురుతుందే?

నీ పెళ్ళికి నేను మాట్లాడనిది మతం గురించి కాదు. నాకు చెప్పకుండా పెళ్ళిచీర బయట కొని, జాకెట్టు గుడివాడలో ఎవరిచేతో కుట్టించుకున్నందుకు. నీ వొళ్ళు పుట్టిననాటి నుంచి కొలిచిన దాన్ని నేను. ఆ జాకెట్టు భుజాల దగ్గర ఎంత అధ్వాన్నంగా ఉందో ఫోటోల్లో చూసుకో. ఇక నాన్న సంగతా? మీ మావగారు గుడ్లవల్లేరు నుంచి మాట్లాడటానికి వస్తే ఆయన కులమూ అడగలేదు, ఆస్తీ అడగలేదు. "మీ పొలం ఏ కాలవ కిందండీ?" అని ఒక్కటే అడిగాడు. మీ మావగారు చెబితే, "మంచి కాలవ, చివరిదాకా నీళ్ళందుతాయి" అని లేచి చెయ్యి కలిపాడు. అక్కడితో కుదిరిపోయింది నీ సంబంధం. అల్లుడుగారి మీద నాకు ఏమీ లేదు. నువ్వు లేనివి కల్పించి ఆయన మనసు విరవకు.

నిన్న పంతొమ్మిదో తారీకు. డెబ్బై ఏడు ఉప్పెనలో పోయినవాళ్ళకి స్తూపం దగ్గర ప్రార్థన పెట్టారు. ఏటా నాన్నని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేదాన్ని, నిన్న ఒక్కదాన్నే వెళ్ళాను. వచ్చినప్పటి నుంచి ఒంట్లో బాగాలేదు.

చర్చి కుర్రాడు ఉదయ్ కిరణ్ లేడూ, వాడొచ్చి "ఆంటీ, మీ ఇంటికి బందరు నుంచి కరెంటు నక్షత్రం తెచ్చి కడతాం" అన్నాడు. ఆ మెరిసి ఆరే వాటినా? మందులషాపు బోర్డులా ఉంటుంది. వద్దన్నాను. నీకూ అదే చెబుతున్నాను. నక్షత్రం పంపకు. మళ్ళీ అడగకు.

లీలావతి

*

గుడివాడ,
21 నవంబరు 2024.

అత్తా,

నీ జవాబు కోసం చూడకుండానే పని పూర్తి చేసేశాం. నక్షత్రాన్ని చూస్తే నువ్వే కరిగిపోతావని నా ధైర్యం. ఈ ఉత్తరం నక్షత్రానికే కట్టి పంపుతున్నాను. మన కోడూరు బస్సు డ్రైవరు గంగాధరరావు గారు యుగంధర్‌కి తెలుసు. వెనక సీటు మీద పడుకోబెట్టి, ఎవర్నీ కూర్చోనివ్వకుండా తెస్తానన్నారు.

వెదురు యుగంధర్ చీల్చాడు. రైసుమిల్లు మేనేజరువి నీకెందుకయ్యా అంటే వినలేదు. రెండు వేళ్ళు కోసుకున్నాడు. మా పెళ్ళినాడు తాతయ్య తన భుజం తట్టి "మా పిల్లకి ఈత వచ్చు, నీకేం భయంలేదు" అన్న మాట ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాడు. అక్షిత మైదా జిగురు రాసింది. సగం నాకలేదు, చెప్పాలంటే మేనమామ కంటే నయం.

ఇంకో సంగతి చూడు. అయిదు కొనలూ సమానంగా వచ్చాయి! టేపు పెట్టి కొలిచి, కాగితం మీద గీసుకుని మరీ కోశాం. అన్నిటికీ ఎర్ర కాగితమే. తాతయ్య ఇన్నేళ్ళు సరిచెయ్యలేకపోయిన కాలు మేం సరిచేశాం. పైనుంచి చూసి "ఎదిగిందే బుల్లెమ్మా!" అంటాడు. అవునా కాదా?

ఆశతో,
ఝాన్సీ

*

కోడూరు,
26 నవంబరు 2024.

ఝాన్సీకి,

నక్షత్రం అందింది. నా మాట అందలేదని అర్థమైంది.

చాలా అందంగా ఉంది. ఎవరింటికైనా బాగుంటుంది. మా ఇంటికి అక్కర్లేదు. బస్సులో తిప్పి పంపుతాను.

లీలావతి

*

గుడివాడ,
1 డిసెంబరు 2024.

అత్తా,

ఇవాళ ఒకటో తారీకు. పొద్దున్నే చర్చికి వెళ్ళొచ్చాను. దారి పొడుగునా మనవాళ్ళ ఇళ్ళ మీద నక్షత్రాలు. చూసి తల దించుకుని వచ్చాను.

నీ ఉత్తరం అక్షిత చదివింది. ఈమధ్యే కూడబలుక్కుని చదవటం వచ్చింది, ఏది కనిపిస్తే అది చదివేస్తోంది. "అమ్మా, మన జిగురు బాలేదా?" అని అడిగింది. యుగంధర్ కట్టు విప్పుకుని వేళ్ళు చూసుకున్నాడు, అంతే.

నువ్వు వద్దన్న ఉత్తరం నాకు చేరేసరికి నక్షత్రం బస్సెక్కేసింది. అది నా తప్పు కాదు. "మా ఇంటికి" అని రాశావు చూడు, అది మాత్రం నా గుండెలో దిగింది. అది నా ఇల్లు కాదా అత్తా? నాన్న పోయాక, తాతయ్య కూడా పోయాక నాకు అక్కడ నువ్వు తప్ప ఎవరున్నారు? ఆయన జ్ఞాపకంగా నేనేమీ అడగలేదు. సైకిలు బెన్నీ బావ తీసుకున్నాడు, ఆయన బైబిలు రాహుల్ తీసుకున్నాడు. నేను ఆ నక్షత్రం ఒక్కటే అడిగాను. అది పైన ఉంటే ఆయన ఇంకా వసారాలో ఉన్నాడనిపిస్తుంది.

ఎందుకు వద్దో చెప్పు. ఊరి ఆచారం అని మాత్రం చెప్పకు. నీ జన్మలో నువ్వు ఊరిమాట విన్నది నేను చూడలేదు.

ఝాన్సీ

*

కోడూరు,
6 డిసెంబరు 2024.

నా తల్లి ఝాన్సీకి,

అక్షితకి చెప్పు, జిగురు చాలా బాగుంది. మీ నాయనమ్మ జిగురు కంటే గట్టిగా పట్టింది. నక్షత్రం తిప్పి పంపుతానని రాశాను గాని పంపలేదు. గంగాధరరావు గారి బస్సు రెండుసార్లు వచ్చి వెళ్ళింది. దాన్ని పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ లోపలికి తెచ్చేశాను. మిషను మీద ఉంది. అది అక్కడుంటే కుట్టటానికి లేదు, ఇంకో పెళ్ళివారి జాకెట్లు ఆగిపోయాయి.

నీకు ఎవరూ చెప్పని సంగతి చెబుతాను. నాకు ఒక తమ్ముడు ఉండేవాడు. భూషణం. మీ నాన్న సీమోనన్నయ్య పెద్దవాడు, తర్వాత నేను, తర్వాత వాడు. ఆ ఏడే బడిలో వేశాం. బడికి వెళ్ళటం తప్ప అన్నీ చేసేవాడు. పొద్దస్తమానం సైకిలు టైరు దొర్లించుకుంటూ కాలవ గట్టు మీద పరుగులు. టైరు కొట్టుకోటానికి నాన్న వాడికి ఒక వెదురు కర్ర చెక్కిచ్చాడు. చెయ్యి జారకుండా పిడికి రాగితీగ చుట్టాడు. ఆ కర్ర పక్కలో పెట్టుకునే పడుకునేవాడు.

ఉప్పెన వచ్చిన రోజు మీ నాన్న బందరు హాస్టల్లో ఉన్నాడు. నాన్న షట్టర్ల దగ్గర డ్యూటీలో ఉన్నాడు. ఇంట్లో అమ్మ, నేను, వాడు. నీళ్ళు వచ్చాయి అంటే కాలవ పొంగినట్టు కాదే. సముద్రం లేచి నడిచొచ్చింది. ఇంటి కప్పు మీదికెక్కాం, కప్పు కొట్టుకుపోయింది. ఎక్కడో తుమ్మచెట్టుకి తగులుకుని ఆగింది. భూషణాన్ని అమ్మ రెండు చేతులతో అదుముకునే ఉంది. తెల్లారేసరికి ఆమె చేతుల్లో వాడు లేడు.

నాన్న షట్టరు ఇనుము పట్టుకుని బతికాడు. ఇంటికొచ్చి, మమ్మల్నిద్దర్నీ చూసి, మూడో మనిషి కోసం మా వెనక్కి చూశాడు. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. రోజుల తరబడి కాలవలూ కంచెలూ గాలించాడు. వాడు దొరకలేదు. ఆ కర్ర మాత్రం బురదలో దొరికింది, రాగితీగతో సహా.

ఆ ఏడు క్రిస్మస్‌కి నక్షత్రం అన్న మాటే ఎవరి నోటా లేదు. చావు లేని ఇల్లు ఉంటే కదా! చర్చికి కప్పే లేదు. నాన్న ఒక్కడే కూర్చుని, కొట్టుకొచ్చిన వెదురు ఏరి నక్షత్రం కట్టాడు. నాలుగు కొనలు వచ్చాయి, అయిదోదానికి భూషణం కర్రని నిలువునా చీల్చి రెండు బద్దలు చేశాడు. చిన్నపిల్లాడి కర్ర కదా, కొన పొట్టిగా వచ్చింది. రంగు కాగితం ఎక్కడిది? గవర్నమెంటు వాళ్ళు పంచిన పాలపిండి సంచి చించి తెల్లగా అంటించాడు. అమ్మ మీద పడి కొట్టింది. "ఎవరికయ్యా పండగ? ఎవరికి?" అని అరిచింది. నాన్న ఏమన్నాడో తెలుసా? "పండక్కాదే రావమ్మా. ఊళ్ళో ఒక్క చెట్టు లేదు, ఒక్క గోడ లేదు. అంతా ఒక్కలాగే ఉంది. వాడొస్తే మనిల్లు ఏదని గుర్తుపడతాడు?" అన్నాడు. అమ్మ వెళ్ళి లాంతర్లో కిరసనాయిలు పోసి తెచ్చిచ్చింది.

ఆనాటి నుంచి ఆయన ఒక్క ఏడు మానలేదు. వాడి పేరెత్తితే అమ్మ అన్నం మానేసేది, అందుకని ఇంట్లో ఎవరమూ ఎత్తలేదు. అమ్మ పోయాక కూడా అదే అలవాటైపోయింది. మీరు నలుగురూ పుట్టి, పెరిగి, ఆ కొన చూసి నవ్వుతుంటే నాకు ఒళ్ళు మండేది. ఒకసారి బెన్నీ వీపు మీద ఒకటి వేశాను కూడా. నాన్నే అడ్డొచ్చాడు. "నవ్వనీయవే. వాడి దగ్గర పిల్లలు నవ్వి ఎన్నాళ్ళయింది" అన్నాడు.

ఇప్పుడు చెప్పు. నాన్న వెళ్ళి వాణ్ణి కలుసుకున్నాడు. వాడికి ఇక ఈ ఇంటి దారి అక్కర్లేదు. నక్షత్రం ఎవరి కోసం ఎత్తనే? అందుకని వద్దన్నాను. దానికి తోడు నువ్వు ఆ కాలు సరిచేసి పంపావు. నీకేం తెలుసు, నీ తప్పు లేదు. కాని దాన్ని చూడగానే భూషణం రెండోసారి పోయినట్టయింది నాకు.

నీ ఇల్లు కాదని నేను అనలేదు. కోపంలో రాశాను. అది కొట్టెయ్యి.

అత్త

*

గుడివాడ,
11 డిసెంబరు 2024.

అత్తా, నా బంగారు అత్తా,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడి చదివాను. అన్నం మాడిపోయింది. యుగంధర్ వచ్చి, నా మొహం చూసి, ఉత్తరం తీసుకుని చదువుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు.

"ఎదిగిందా తాతయ్యా?" అని ఏటా అడిగాం. ఆయన జాన పెట్టి కొలిచి, నవ్వుతూనే చెప్పేవాడు అత్తా. ఆ నవ్వులో ఏమున్నదో ఒక్కరికీ తెలియలేదు. మమ్మల్ని ఈతకి ఎందుకు అంతగా వెంటపడి తీసుకెళ్ళాడో ఇప్పుడు తెలిసింది. నాకు భూషణం బాబాయి ఉన్నాడని తెలియకుండానే ఆయనతో చిన్నతనమంతా ఆడుకున్నాం. తలుచుకుంటే ఏడుపు ఆగటం లేదు, అయినా తెలిసినందుకు సంతోషంగా ఉంది. ఇంత బరువు ఒక్కదానివే మోస్తావా? ఈ మేనకోడలు దేనికి మరి?

నక్షత్రం ఎత్తమని ఇక అడగను. నీ ఇష్టం. ఎవరి కోసం అన్నావు కదా, దానికి మాత్రం జవాబు చెబుతాను. తాతయ్యని సాగనంపటానికి వచ్చిన రోజు మేం ఇల్లు దాటి చాలాదూరం వెళ్ళిపోయాం. నీకు చెప్పలేదు. రోడ్డు వెడల్పు చేశాక, రొయ్యల చెరువుల వాళ్ళ కొత్త మేడలు వచ్చాక నా తాతగారి ఇల్లు నేనే గుర్తుపట్టలేకపోయాను. కారు దిగి బడ్డీకొట్టు దగ్గర అడిగాం. "లస్కరు అబ్బులు గారిల్లు ఎక్కడండీ?" అని నేను, అక్కడ పెరిగినదాన్ని, అడిగాను. చిన్నప్పుడు హాస్టల్నుంచి సెలవులకొచ్చి వంతెన మీద బస్సు దిగితే, చీకట్లో అంత దూరం నుంచే ఆ పొట్టికాలు కనిపించేది. ఇక పరుగే.

ఇరవై నాలుగో తారీకు సాయంత్రం బస్సుకి ముగ్గురం వస్తున్నాం. పిండివంటలు ఏమీ వద్దు. అక్షితకి భూషణం తాతయ్య సంగతి చెప్పాను. "ఆ తాతయ్య నాకంటే చిన్నవాడా?" అని ఆశ్చర్యపోయింది. అడిగి అడిగి నన్ను చంపుతోంది. నువ్వే చెప్పాలి దానికి.

నీ ఝాన్సీ

*

కోడూరు,
17 డిసెంబరు 2024.

చి. ఝాన్సీకి, అల్లుడుగారికి, మా అక్షితకి అత్త దీవెనలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బడ్డీకొట్టు దగ్గర దారి అడిగావా? సిగ్గులేకపోతే సరి! ఆ రోజే చెప్పి ఉంటే అప్పుడే తిట్టి ఉండేదాన్ని.

ఉదయ్ కిరణ్‌ని పిలిచి సరుగుడు కర్ర పాతించాను. కరెంటు నక్షత్రం కొననివ్వలేదని వాడు బెంగ పెట్టుకున్నాడు గాని పని బాగా చేశాడు. సీతామహాలక్ష్మి గోడ మీంచి "ఏడాది తిరగకుండానే నక్షత్రమా?" అంది. నాకు వినపడలేదు. ఈ చెవులు అప్పుడప్పుడు భలే పనికొస్తాయి.

మీరు పంపిన నక్షత్రమే కట్టాను. ఒక్క కొన మాత్రం విప్పాను. యుగంధర్‌కి చెప్పు, ఆయన చీల్చిన బద్దలు పొయ్యిలో పెట్టలేదు, చూరులో దోపి ఉంచాను. చూరులోంచి పాతవి రెండూ తీసి ఆ చోట కట్టాను. తెల్ల కాగితం అంటించాను. జిగురు మాత్రం అక్షితది అంత బాగా రాలేదు, వచ్చాక అది చూసి సరిచెయ్యాలి. పిండివంటలు చెయ్యను, పీతల కూర మాత్రం వండుతాను. అది పండగ కింద రాదు.

బస్సు వంతెన దగ్గర ఆపమనండి. చీకటిపడినా ఫర్వాలేదు. ఎవర్నీ దారి అడగక్కర్లేదు.

మీ కోసం చూసే
అత్త

తా.క. కట్టటం అయ్యాక జాన పెట్టి కొలిచాను. నాన్నది పెద్ద చెయ్యి, నాది చిన్నది కదా. జాన దాటి వచ్చింది. ఎదిగాడే బుల్లెమ్మా!